బార్బడోస్‌లో ఎక్కడ దిగాలి? పడమరా, దక్షిణమా? చిన్న పాపతో ఏ బీచ్‌లు మంచివి?

నీలిగాజులు:

నమస్తే అందరికీ. ఫిబ్రవరిలో స్కూల్ సెలవుల వారం బార్బడోస్ వెళ్తున్నాం. లండన్ నుంచి నేరుగా ఫ్లైట్, టికెట్లు కొనేశాం కాబట్టి "ఆ ద్వీపం వద్దు, ఇంకో దానికి వెళ్లండి" అని మాత్రం దయచేసి ఎవరూ చెప్పకండి, ఆ చర్చ ఇంట్లో నెల రోజులు జరిగింది.

వెళ్లేది నలుగురం. నేను, మావారు, ఆరేళ్ల పాప, మా అత్తయ్యగారు. పాపకి ఈత ఇప్పుడిప్పుడే వస్తోంది, అది కూడా పూల్‌లో. అత్తయ్యకి 67, మోకాళ్ల నొప్పులు, మెట్లంటే భయం, ప్యూర్ వెజ్. కానీ సాయంత్రం ఒక గంట నడవకపోతే ఆవిడకి నిద్ర పట్టదు.

మూడు రోజులుగా బుకింగ్ సైట్లు చూసి చూసి మూడు దగ్గర ఆగాం. ఒకటి పడమర వైపు హోల్‌టౌన్‌లో అపార్ట్‌మెంట్, రేటు చూస్తే కళ్లు తిరుగుతున్నాయి. రెండోది దక్షిణం వైపు వర్తింగ్, రాక్లీ మధ్యలో రెండు బెడ్‌రూమ్‌లది, పర్వాలేదు. మూడోది ఆగ్నేయం వైపు క్రేన్ బీచ్ దాటాక కొండ అంచు మీద ఒక ఇల్లు. ఇది హోల్‌టౌన్ రేటులో సగం, ఫోటోలో కిందంతా నీలం, కొబ్బరి చెట్లు, మనిషన్నవాడు లేడు. మావారు ఆ ఫోటో చూసి పడిపోయారు, "ఇదే ఇదే" అంటున్నారు. నాకెందుకో అంత ఖాళీ బీచ్ చూస్తే అనుమానంగా ఉంది, అందరూ ఎందుకు వెళ్లట్లేదు అక్కడికి?

ఇంకో డౌట్, మూడు రోజులు ఒక చోట, నాలుగు రోజులు ఇంకో చోట ఉంటే బాగుంటుందా?

ఉప్పుగాలి:

మీ అనుమానం నిజమేనండీ, మీవారికి నా తరఫున సారీ చెప్పండి.

మేం మొదటిసారి వెళ్లినప్పుడు సరిగ్గా ఆ వైపే దిగాం. ఇల్లు నిజంగానే బాగుంది, ఫోటోలో అబద్ధం లేదు. యాడ్‌లో "బీచ్‌కి రెండు నిమిషాలు" అని రాశారు, అదీ నిజమే, రెండు నిమిషాల్లో మెట్ల దగ్గరికి చేరతాం, ఆ తర్వాత కొండ చెక్కిన మెట్లు దిగుతూనే ఉండాలి. కింద ఇసుక మెత్తగా, లేత గులాబీ రంగులో, ఎంత అందంగా ఉందంటే మావాడు చెప్పులు వదిలేసి పరుగెత్తాడు. మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డాడో లేదో, అల వెనక్కి వెళ్తూ కాళ్ల కింద ఇసుకని ఒక్కసారిగా లాక్కుపోయింది, వాడు కూర్చుండిపోయాడు, రెండో అల నెత్తి మీద నుంచి వెళ్లింది. చెయ్యి పట్టుకుని ఉన్నాను కాబట్టి సరిపోయింది. మిగతా ఆరు రోజులూ పొద్దున్నే కారులో అరగంట వెళ్లి వేరే బీచ్‌లో దిగి, సాయంత్రం ఆ అందమైన ఇంటికి వచ్చి పైనుంచి సముద్రాన్ని చూస్తూ కూర్చున్నాం.

ఈ ద్వీపం పొడవు 34 కిలోమీటర్లు, వెడల్పు 23, అంతే. కానీ చుట్టూ ఒకే సముద్రం అనుకుంటే దెబ్బతింటాం. తూర్పు వైపుది అట్లాంటిక్, ఆఫ్రికా తీరం నుంచి ఇక్కడి దాకా మధ్యలో అడ్డం ఏమీ లేదు, గాలి ఎప్పుడూ అటు నుంచే. అలలు పెద్దవి, లోపల లాగుడు ఎక్కువ. పడమర వైపు కరీబియన్, ద్వీపమే గాలికి అడ్డం కాబట్టి చాలా రోజులు చెరువులా ఉంటుంది. దక్షిణం ఈ రెండింటికీ మధ్యరకం, కొన్ని చోట్ల అలలు, కొన్ని చోట్ల నీళ్లలో పగడపు దిబ్బ అడ్డంగా ఉండి ప్రశాంతం. అందుకని ముందు ఏ సముద్రం కావాలో తేల్చుకోండి, ఇల్లు తర్వాత చూడొచ్చు.

మీ ఇంట్లో మనుషుల్ని బట్టి నా ఓటు దక్షిణానికి, వర్తింగ్ దానికి. రెండు చోట్ల ఉండటం దండగ. సూట్‌కేసులు సర్దటం, చెక్ అవుట్, మధ్యాహ్నం మూడింటి దాకా చెక్ ఇన్ కోసం కాచుకోవటం, ఇంత చిన్న ద్వీపంలో దానికో రోజు పోతుంది.

గుడ్డిలాంతరు:

ఉప్పుగాలి గారు చెప్పిన దాంట్లో తూర్పు గురించి ఒప్పుకుంటాను, కానీ పడమరని అంత తేలిగ్గా వదిలేయకండి. ఈత రాని పిల్లకి పేన్స్ బే లాంటి బీచ్ దొరకదు. హోల్‌టౌన్‌కి కొంచెం కిందికి ఉంటుంది. పొద్దున ఏడున్నరకి వెళ్తే నీళ్లలో మీ కాలివేళ్లు మీకు కనిపిస్తాయి, కాస్త దూరంలో తాబేళ్లు తల పైకెత్తి ఊపిరి తీసుకుని మళ్లీ మునుగుతుంటాయి. పది దాటాక టూర్ పడవలు వరసగా వచ్చి మనుషుల్ని అక్కడే దింపుతాయి, తాబేళ్లకి తిండి వేస్తారు, గోల. ఆ పడవల వాళ్లు వేసే చేప ముక్కల కోసం తాబేళ్లు మనుషుల చుట్టూ తిరగటం నాకు అస్సలు నచ్చదు గానీ అది వేరే గొడవ. మీరు ముట్టుకోవద్దు, పాపకి ముందే చెప్పండి.

ఇంకోటి, పడమరలో పెద్ద హోటళ్ల ముందున్న ఇసుక చూసి అది వాళ్లదేమో అని వెనక్కి రావద్దు. బార్బడోస్‌లో బీచ్‌లన్నీ పబ్లిక్. శాండీ లేన్ లాంటి ఖరీదైన హోటల్ ముందు కూడా టవల్ పరుచుకుని కూర్చోవచ్చు, కుర్చీలు మాత్రం వాళ్లవి. రోడ్డు నుంచి బీచ్‌కి దారి రెండు గోడల మధ్య సందులా ఉంటుంది, కారులో వెళ్తే కనపడదు, నడిస్తేనే దొరుకుతుంది.

ఉప్పుగాలి:

లాంతరు గారూ, వాళ్లు వెళ్లేది ఫిబ్రవరిలో. డిసెంబర్ నుంచి మార్చి వరకు ఉత్తర అట్లాంటిక్‌లో ఎక్కడో తుఫాను వస్తే ఆ అలలు రెండు మూడు రోజుల తర్వాత ఇక్కడి పడమర తీరానికి వచ్చి కొడతాయి, నార్త్ స్వెల్ అంటారు. ఆ రోజుల్లో మీ చెరువు కాస్తా మురికినీళ్లతో ఎగిరిపడుతుంది, కొన్ని బీచ్‌లలో ఇసుక సగం కొట్టుకుపోతుంది. ఎప్పుడూ అలాగే ఉంటుందనట్లేదు, వారంలో రెండు రోజులు అలా పోతే హోల్‌టౌన్‌కి పోసిన డబ్బు గుర్తొచ్చి కడుపు మండుతుంది.

గుడ్డిలాంతరు:

ఒప్పుకున్నా. మాకు అలా ఒక రోజు పోయింది. రేటు విషయంలో కూడా మీదే పైచేయి, డిసెంబర్ మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా అక్కడ సీజన్, పడమర వైపు రేట్లు ఆకాశంలో ఉంటాయి. నీలిగాజులు గారూ, ఏ వైపు తీసుకున్నా సరే సైట్‌లో మొదట కనపడే రేటు చూసి లెక్క వేసుకోకండి. వ్యాట్, సర్వీస్ చార్జి, రాత్రికి ఇంత అని ప్రభుత్వ లెవీ (పన్ను), అన్నీ కలిపాక చివరి పేజీలో ఎంత వస్తుందో అది చూడండి. కొన్ని చోట్ల లెవీ అక్కడికి వెళ్లాక కట్టించుకుంటారు.

ఎల్‌బీడబ్ల్యూ:

ఎవరూ చెప్పట్లేదేంటి, బార్బడోస్ అంటే రాజధాని బ్రిడ్జ్‌టౌన్, బ్రిడ్జ్‌టౌన్ అంటే కెన్సింగ్టన్ ఓవల్ క్రికెట్ గ్రౌండ్! 2024 జూన్ 29, టీ20 వరల్డ్ కప్ ఫైనల్, సౌతాఫ్రికా మీద 7 పరుగులతో మన గెలుపు, చివరి ఓవర్ సూర్య క్యాచ్. రోహిత్ పిచ్ మీద గడ్డి నోట్లో వేసుకున్నది అక్కడే. బయట నుంచి ఒక ఫోటో దిగినా నాకు పంపండి ప్లీజ్. ఆ తర్వాత బెరిల్ హరికేన్ వల్ల టీమ్ అంతా అక్కడే ఇరుక్కుంది గుర్తుందా. ఫిబ్రవరిలో ఆ భయం లేదు, హరికేన్ సీజన్ జూన్ నుంచి నవంబర్.

సరే, పనికొచ్చే మాట కూడా ఒకటి. దక్షిణం వైపు ఉంటే కారు లేకుండా బతికేయొచ్చు. నేను వారం అంతా బస్సుల్లోనే తిరిగాను, ఎంత దూరమైనా టికెట్ 3.50 బార్బడోస్ డాలర్లు, అంటే 1.75 అమెరికన్ డాలర్లు, రెండుకి ఒకటి ఎప్పుడూ ఫిక్స్. ప్రభుత్వ బస్సు నీలం రంగు, చిల్లర ఇవ్వరు, సరిగ్గా లెక్కపెట్టి వెయ్యాలి. ప్రైవేట్‌వి పసుపు రంగు మినీబస్సులు. ఇంకా తెల్లవి చిన్న వ్యాన్లు ఉంటాయి, నంబర్ ప్లేట్ జెడ్ఆర్‌తో మొదలవుతుంది, అందరూ జెడ్ఆర్ అనే అంటారు. చెవులు పగిలే పాటలు, ఒకరి ఒళ్లో ఒకరు, కానీ రెండు నిమిషాలకొకటి. స్టాప్ బోర్డు మీద ఊరి పేరు వెతక్కండి, ఒకవైపు "టు సిటీ", రోడ్డుకి అటువైపు "అవుట్ ఆఫ్ సిటీ" అని ఉంటుంది, అంతే సంగతి. సిటీ అంటే బ్రిడ్జ్‌టౌన్.

నీలిగాజులు:

అబ్బ, ఇంత రాస్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. కొండ మీద ఇల్లు క్యాన్సిల్, మావారికి మీ పోస్ట్ చదివి వినిపించాను ఉప్పుగాలి గారూ, "కాళ్ల కింద ఇసుక లాక్కుపోయింది" దగ్గర ఆపమన్నారు.

ఇప్పుడు వర్తింగ్ గురించి. అక్కడ నీళ్లు నిజంగా పాపకి సరిపోతాయా? మ్యాప్‌లో చూస్తే అదీ ఓపెన్ సముద్రంలాగే ఉంది. అత్తయ్య ఎక్కడ నడవాలి, మెయిన్ రోడ్డు పక్కనా? తిండి సంగతి అసలు ఎవరూ చెప్పలేదు. అందరూ చేపలు, చేపలు అంటున్నారు, ఆవిడ గుడ్డు కూడా తినరు. జెడ్ఆర్‌లో ఆవిడని ఎక్కించే ధైర్యం నాకు లేదు.

ఉప్పుగాలి:

వర్తింగ్ బీచ్ ముందు కొంచెం దూరంలో రీఫ్ (పగడపు దిబ్బ) ఉంది, మ్యాప్‌లో కనపడదు, శాటిలైట్ వ్యూ పెట్టి చూడండి, తెల్లటి నురగ గీతలా తెలుస్తుంది. అలలు అక్కడే విరిగిపోతాయి, ఒడ్డు దగ్గర నీళ్లు లోతు లేకుండా మడుగులా ఉంటాయి. పాపకి అది. మీవారికి అలలు కావాలంటే పక్కనే రాక్లీ బీచ్, అక్కడివాళ్లు అక్రా అంటారు, లైఫ్‌గార్డులు ఉంటారు, అలలు ఒక మోస్తరు. ఎర్ర జెండా ఉంటే మాత్రం ఎంత బాగా ఈత వచ్చినా దిగొద్దని చెప్పండి. బోర్డు మీద పడుకుని అలల మీద జారే పిల్లలంతా అక్కడే.

అత్తయ్యగారికి రాక్లీ నుంచి హేస్టింగ్స్ దాకా సముద్రం అంచునే బోర్డ్‌వాక్ ఉంది, మైలు దాకా వస్తుంది, మెట్లు ఎక్కే పని లేదు, మధ్యమధ్యలో బెంచీలు. సాయంత్రం అయిదింటికి వెళ్తే మొత్తం ఊరే అక్కడ ఉంటుంది. స్కూల్ అయిపోయిన పిల్లలు, పరుగెత్తేవాళ్లు, రిటైరైనవాళ్లు, ఎదురొచ్చిన ప్రతి ఒక్కరూ "గుడ్ ఈవినింగ్" అంటారు, మనం బదులు చెప్పకపోతే మర్యాద తెలియనివాళ్లం అనుకుంటారు. మా అమ్మ రెండో రోజుకే ఒక పెద్దావిడతో దోస్తీ కట్టింది, ఈవిడకి ఇంగ్లిష్ అంతంత మాత్రం, ఆవిడ మాట్లాడే బేజన్ ఇంగ్లిష్, అంటే బార్బడోస్ యాస, మాకే సగం అర్థం కాదు, అయినా రోజూ ఒకే బెంచీ. ఒక్కటే జాగ్రత్త, అక్కడ చీకటి త్వరగా పడుతుంది. ఫిబ్రవరిలో సూర్యుడు ఆరు దాటగానే మునిగిపోతాడు, తర్వాత సాయంత్రం వెలుగు అని పెద్దగా ఉండదు, అరగంటలోపే చీకటి. కాబట్టి అయిదింటికే బయల్దేరాలి.

కాఫీకప్పు:

తిండి గురించి నేను చెప్తాను, ఇరవై ఏళ్లుగా శాకాహారిని, అక్కడ పది రోజులు బతికి వచ్చాను.

బయట వెజ్ దొరుకుతుంది, కానీ అడిగి తెలుసుకోవాలి. రోటీ అని బోర్డు కనిపిస్తే ఆగండి. ట్రినిడాడ్, గయానాలకి చెరకు తోటల్లో పనికి వెళ్లిన మనవాళ్లు తీసుకెళ్లిన వంట, అక్కడి నుంచి ఇక్కడికి వచ్చింది. పెద్ద పల్చటి రొట్టెలో బంగాళదుంప, శనగల కూర చుట్టి ఇస్తారు. ఒకటి తింటే కడుపు నిండిపోతుంది. మాకరోని పై అని ఇంకోటి ప్రతి చోటా ఉంటుంది, చీజ్‌తో చేస్తారు, అందులో గుడ్డు పడే అవకాశం ఉంది కాబట్టి మీ అత్తగారికి అడగకుండా పెట్టకండి. రైస్ అండ్ పీస్ అనే అన్నంలో కూడా కొందరు ఉప్పు వేసిన మాంసం ముక్క వేసి ఉడికిస్తారు, చూస్తే తెలియదు. రాస్తాఫారియన్లు (రాస్తాఫారి మతం వాళ్లు) వండే ఐటల్ తిండి దొరికితే తినొచ్చు, ఎక్కువగా శాకాహారమే, కానీ కొందరు చేప వాడతారు కాబట్టి అదీ ఒక మాట అడగండి. కాల్చిన బ్రెడ్‌ఫ్రూట్ (సీమపనస) కూడా బాగుంటుంది. పసుపు రంగులో ఒక పెప్పర్ సాస్ ఉంటుంది, ఆవాలు, స్కాచ్ బానెట్ మిరపకాయలతో చేస్తారు, కారం తినేవాళ్లమే కదా అని నేను చెంచాడు వేసుకున్నాను, చెవుల్లోంచి పొగ వచ్చింది.

కానీ ఇవన్నీ సరదాకి. వారం రోజులకి మాత్రం వంటగది ఉన్న అపార్ట్‌మెంటే తీసుకోండి. వర్తింగ్‌లో పెద్ద సూపర్‌మార్కెట్ ఉంది, బియ్యం, పప్పు, పెరుగు, కూరగాయలు అన్నీ దొరుకుతాయి, సరుకు ఎక్కువగా బయట నుంచి దిగుమతి కాబట్టి బిల్లు చూసి గుండె జారుతుంది, పొడులు, పప్పులు ఇంటి నుంచి సర్దుకుంటే మేలు. నీళ్ల సీసాలు కొనకండి, కుళాయి నీళ్లు తాగొచ్చు, సున్నపురాయి నేలలోంచి ఊరిన నీళ్లు, బాగుంటాయి.

బెల్లంముక్క:

ఇంత కష్టం ఎందుకండీ, ఆల్ ఇన్‌క్లూజివ్ రిసార్ట్ తీసుకుంటే తిండి, పూల్, బీచ్ అన్నీ ఒకే చోట, టెన్షన్ ఉండదు కదా?

కాఫీకప్పు:

తాగేవాళ్లకి, మాంసం తినేవాళ్లకి గిట్టుబాటు. ఈవిడ గుడ్డు తినదు, ఆరేళ్ల పాప ఏం తింటుంది, నలుగురికీ బఫే డబ్బులు కట్టి ఇద్దరు ఫ్రెంచ్ ఫ్రైస్ తినాలి.

బెల్లంముక్క:

హహ, సరే సరే.

ఎల్‌బీడబ్ల్యూ:

జెడ్ఆర్ వద్దంటే రెండు రోజులు కారు తీసుకోండి, వారం అంతా అక్కర్లేదు. మీరు లండన్‌లో నడిపేది ఎడమ వైపే, అక్కడా ఎడమే. డ్రైవింగ్‌కి కావాల్సిన విజిటర్ పర్మిట్ కారు అద్దెకి ఇచ్చేవాళ్లే ఇప్పిస్తారు. అద్దె కార్ల నంబర్ హెచ్‌తో మొదలవుతుంది, కొత్తవాళ్లని తెలిసిపోతుంది కాబట్టి రౌండ్‌అబౌట్ దగ్గర దారి ఇస్తారు, నాకైతే ఇచ్చారు. పైకప్పు లేని మోక్ అని బొమ్మ కారులాంటిది అద్దెకి ఇస్తారు, ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి మీవారు అది కావాలంటారు, మీ అత్తగారి నడుము గుర్తుపెట్టుకోండి. టాక్సీలకి మీటర్ ఉండదు, ఎక్కేముందే రేటు మాట్లాడుకోవాలి, అది బార్బడోస్ డాలరా అమెరికన్ డాలరా అని కూడా అడగాలి, సగానికి సగం తేడా.

గుడ్డిలాంతరు:

కారు ఉన్న మొదటి రోజు పొద్దున్నే పేన్స్ బే, ఆ వారం స్వెల్ లేకపోతేనే. రెండో రోజు తూర్పు, బాత్‌షీబా. ఈతకి కాదు, చూడటానికి. ఒడ్డున ఇళ్లంత రాళ్లు, కింద అలలు కొరికేసి పుట్టగొడుగుల్లా నిలబడి ఉంటాయి, వాటి అవతల సూప్ బౌల్ అనే చోట సర్ఫింగ్ చేసేవాళ్లు. ఆటు సమయంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు రాళ్ల మధ్య గుంటల్లో నీళ్లు నిలుస్తాయి, అందులో పాపని కూర్చోబెట్టొచ్చు, మీరు పక్కనే ఉంటే. దారిలో హారిసన్స్ కేవ్ అనే గుహ, లోపలికి ట్రామ్‌లో తీసుకెళ్తారు కాబట్టి అత్తయ్యగారికి ఇబ్బంది లేదు. హంట్స్ గార్డెన్స్ కూడా దగ్గరే, చాలా అందం, కానీ అంతా మెట్లే, మోకాళ్లకి వద్దు.

బ్రిడ్జ్‌టౌన్ పక్కన కార్లైల్ బే మర్చిపోవద్దు, వర్తింగ్ నుంచి చాలా దగ్గర. నీళ్ల కింద ఆరు మునిగిపోయిన పడవలు ఉన్నాయి, ఒకటి 1919లో మునిగినది, కొన్ని ఎంత పైకి ఉన్నాయంటే స్నార్కెల్ (ఊపిరి గొట్టం) పెట్టుకుని తల వంచితే చాలు. మీవారి కొండ అంచు ఇంటి బాధ అక్కడ తీరిపోతుంది.

ఉప్పుగాలి:

ఇంకో రెండు మాటలు చెప్పి ఆపేస్తాను. పడమర బీచ్‌లలో నీడ కోసం చెట్టు కింద చేరే ముందు కాండం చూడండి. ఎర్ర రంగు పట్టీ గానీ హెచ్చరిక బోర్డు గానీ ఉంటే అది మాంచినీల్ చెట్టు. కాయలు చిన్న పచ్చ ఆపిల్‌లా ఉంటాయి, కింద రాలి ఉంటాయి, ఆరేళ్ల పిల్ల చేతికి అందేవి అవే. విషం. ఆ చెట్టు పాలు చర్మానికి తగిలితే బొబ్బలు, వాన పడేటప్పుడు కింద నిలబడినా చుక్కలతో పాటు ఆ పాలు కారి ఒళ్లు కాలుతుంది. పట్టీ లేని చెట్లు కూడా ఉంటాయి, అందుకే పాపకి ఫోటో ముందే చూపించండి, కింద పడిన ఏ కాయా ముట్టుకోకూడదని రూల్ పెట్టండి.

రెండోది, మిలిటరీ డిజైన్ (కామోఫ్లాజ్) బట్టలు ఎవరూ వేసుకోకూడదు, అక్కడ చట్టం, పిల్లలకి కూడా అంతే. టోపీ, బ్యాగ్ కూడా వద్దు.

సర్గాసమ్ నాచు గురించి ఎవరైనా భయపెడితే పట్టించుకోకండి, 2011 నుంచి వస్తోంది, నిజమే, తూర్పు, దక్షిణ తీరాల్లో గుట్టలు పడి కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది, కానీ ఎక్కువగా వేసవిలో. ఫిబ్రవరిలో సాధారణంగా ఆ గొడవ తక్కువే.

నీలిగాజులు:

వర్తింగ్ బుక్ చేసేశాం. ఏడు రాత్రులు, వంటగది, కింది అంతస్తు. చివరి పేజీలో లెవీ, సర్వీస్ చార్జి కలిసి మొదటి పేజీ కంటే బాగానే పెరిగింది, అయినా హోల్‌టౌన్ కంటే చాలా తక్కువ. కారు మధ్యలో రెండు రోజులు, మామూలు కారే, మోక్ గురించి ఎల్‌బీడబ్ల్యూ గారు అన్నట్టే అడిగారు, వద్దన్నాను.

ఆ మిలిటరీ బట్టల మాట మాత్రం అసలు తెలియదు. మావారి షార్ట్స్ రెండూ అవే, సముద్రం కోసమని పోయిన వారమే కొన్నారు. బిల్లు ఎక్కడ పెట్టారో వెతుకుతున్నారు.

ఎల్‌బీడబ్ల్యూ:

ఓవల్ ఫోటో మర్చిపోవద్దు అక్కా.